పటములో పడని పొలము

బెంగుళూరు నుండి జోలార్‌పేటకు పోవు రైలు మార్గములో, కుప్పమునకు ముందు, గుడుపల్లె అను చిన్న స్టేషను కలదు. వేగముగా పోవు బండ్లు అచ్చట ఆగవు. కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి చింతచెట్లు, నల్లని గుండ్రని బండలు, రాగిచేలు, మల్బరి తోటలు ఒక్క నిమిషము కనబడి వెనుకకు పోవును. చిత్తూరు జిల్లాకు నైరుతి కొసన నున్న సీమ యిది. ఒక ప్రక్క కర్ణాటకము, మరికొంత దూరమున తమిళనాడు. సంతకు వచ్చు ముసలమ్మ సైతము మూడు భాషలలో బేరమాడగలదు. బడిపంతులుగా జీవితము గడిపి, ప్రధానోపాధ్యాయ పదవి నుండి విరమించిన పిమ్మట నేను ఇచ్చటనే స్థిరపడితిని.

విరమించిన ఉపాధ్యాయునకు ప్రొద్దు గడచుట కష్టము. ఉదయము గంట మ్రోగదు. ఎవరును లేచి నిలువరు. నా స్థితి చూచి మా అబ్బాయి తన పాత కెమేరాను నా చేతికిచ్చి, "నాన్నగారూ, దీనితో ఆడుకోండి" అనెను. రెండు మాసములు ఆడుకొంటిని. మందార పూవును, మా ఇంటి పిల్లిని, మనుమరాలిని లెక్కలేనన్ని పటములు తీసితిని. చూచినవారందరు "చాలా బాగున్నవి" అనిరి. అందరును బాగున్నవన్నప్పుడు బాగుపడుటకు దారి యుండదని ఇంతకాలము పిల్లలకు చెప్పినవాడను నేనే. కుప్పములో ప్రతి నెల రెండవ ఆదివారము కొందరు ఛాయాగ్రాహకులు కూడుదురని విని, ఒక సాయంకాలము బస్సెక్కి పోతిని.

ఆ సంఘమునకు సొంత భవనము లేదు. ఒక ట్యుటోరియల్ వారి గదిని ఆ రెండు గంటలకు అడిగి పుచ్చుకొందురు. చందా స్వల్పము. నేను పోయిన దినమున పదకొండుగురు ఉండిరి. వారిలో పెండ్లి ఫోటోలు తీయు స్టూడియో యజమాని ఒకడు. బ్యాంకి గుమాస్తా యొకడు. ద్రావిడ విశ్వవిద్యాలయములో చదువుకొను ఒక యువతి. పట్టుపురుగులు పెంచు రైతు ఒకడు. ఈ రైతునకు కెమేరా లేదు, చేతిఫోనే అతని కెమేరా. వయస్సున నేనే పెద్దవాడను గనుక అందరును లేచి కుర్చీ ఇచ్చిరి. పటముల విమర్శ మొదలైన తరువాత మాత్రము ఎవరును నా వయస్సును లెక్కించలేదు.

అచ్చటి నియమము విచిత్రమైనది. పటమును గోడపై పెద్దదిగా చూపుదురు. ఇతరులు మాటలాడుట ముగియువరకు దానిని తీసినవాడు నోరు విప్పరాదు. "ఆనాడు ఎండ సరిగా లేదు", "నేననుకొన్నది వేరు" అను సంజాయిషీలకు తావు లేదు. పటము తన పక్షమున తానే వాదించుకొనవలెను. ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవానికి అరగంట మౌనముగా కూర్చుండుట ఎంతటి శిక్షయో మీరు ఊహింపగలరు.

నేను తీసికొని పోయినది గంగమ్మ జాతర పటము. పిల్లవానిని చంకనెత్తుకొన్న తల్లి, చుట్టును జనము, దూరమున రంగుల దీపములు. చాలా గొప్పగా వచ్చినదని నా నమ్మకము. విశ్వవిద్యాలయపు అమ్మాయి లేచి, "సార్, ఆ తల్లి తలలో నుంచి కరెంటు స్తంభం మొలిచింది" అనెను. చూచితిని. నిజమే! ఆమె కొప్పు నడుమ నుండి స్తంభమొకటి నిటారుగా నిలిచి యుండెను. పటము తీయునప్పుడు ఆ స్తంభము అచ్చటనే ఉన్నది. నా కన్నులును తెరచియే యున్నవి. అయినను నేను దానిని చూడలేదు. మనస్సు తల్లిని కోరెను గనుక కన్ను తల్లినే చూపెను. కెమేరాకు మనస్సు లేదు, ఎదుట నున్నదంతయు అది వ్రాసికొనెను.

ఆ రాత్రి నాకు అన్నము సయించలేదు. జరిగినది మా ఇంటావిడతో చెప్పగా ఆమె నవ్వి, "పిల్లల వ్యాసాల మీద మీరు ఎర్రసిరాతో గీసినప్పుడు వాళ్ళకీ ఇట్లాగే ఉండి ఉంటుంది" అనెను. మరుసటి నెల చందా కట్టి సభ్యుడనైతిని.

ఇప్పుడు మీలో ఒకరు నన్ను ఇట్లు ప్రశ్నింపవచ్చును: "అయ్యా, ప్రతివాని జేబులోను ఫోను ఉన్నది. వ్రేలితో తాకిన పటము వచ్చును. దీనికి సంఘమెందుకు?" మంచి ప్రశ్న. పూర్వము సంఘము లేకున్న పటమే రాకపోవుటకు ఎక్కువ అవకాశముండెను. డాగేరు అను ఫ్రెంచివాడు కనిపెట్టిన విధానమును ఆ దేశ ప్రభుత్వము 1839 ఆగస్టు 19వ తేదీన లోకమునకు వెల్లడించెను. 1851లో ఆర్చరు అను ఇంగ్లీషువాడు గాజుపలకపై పటము తీయు పద్ధతిని ప్రకటించెను. ఆ గాజుపలకకు కొలోడియను అను జిగురు పూసి, వెండి లవణపు ద్రావకములో ముంచి, తడి ఆరక ముందే కెమేరాలో నుంచి, తడి ఆరక ముందే చీకటి గుడారములో మందులతో కడుగవలెను. మన దేశపు ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుచును? ఒకరు గుడారము మోయవలెను, ఒకరు నీరు తేవలెను, ఒకరు మందులు కలుపవలెను. మందులో ఏ పాలు తప్పినదో మరియొకరు చెప్పవలెను. అందుచేతనే 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తాలోను ఛాయాగ్రాహకుల సంఘములు వెలసెను. ఇంచుమించుగా ఆ కాలముననే మద్రాసులోను ఒక సంఘము పుట్టెను. దానికి పూనుకొన్న హంటరు అనునతడు వైద్యుడు. 1850లో మద్రాసులో చిత్రకళా పాఠశాలను నెలకొల్పినవాడును అతడే. మన చిత్తూరు సీమ ఆనాడు మద్రాసు రాజధానిలోనిదే.

కలకత్తా సంఘమును గూర్చి ఒక సంగతి చెప్పక విడువలేను. ఆ సంఘపు మొదటి సభ్యులలో రాజేంద్రలాల్ మిత్ర అను గొప్ప పండితుడు ఉండెను. ఆయన ఆ సంఘమునకు కోశాధికారిగా కూడ పనిచేసెను. సభ్యులలో ఎక్కువమంది దొరలు. 1857లో ఆయన ఒక బహిరంగ సభలో, నీలిమందు తోటల దొరలు సాగించు దౌర్జన్యములను ఖండించుచు మాటలాడెను. దానికి కోపించి సంఘమువారు ఆయనను సభ్యత్వము నుండి తొలగించిరి. ఆయన తీసిన పటములలో దోషమేదియు లేదు. దోషమంతయు ఆయన పలికిన నిజములో నుండెను. సంఘమనగా పదిమంది కూడుట మాత్రమే కాదు. ఆ పదిమంది ఏమి వినుటకు సిద్ధముగా నున్నారనునదియు చూడవలెను. నేను మా సంఘములో చేరినప్పుడు ఈ కథ నాకు తెలియును గాని, దానితో నాకు పని పడునని అనుకొనలేదు.

మన తెలుగు నేలపై ఛాయాచిత్ర కళకు పేరు తెచ్చినవారిలో ప్రథముడు దీనదయాళుడు. 1844లో మీరట్టు దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేసి, ఆపై సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, 1894లో బిరుదిచ్చి గౌరవించెను. రాజభవనములు, వేటలు, విందులు ఆయన పటములలో నిండియున్నవి. 1899–1900 నాటి కరువులో కూలీలు చెరువులు త్రవ్వుచు రాళ్ళు మోయుచున్న పటములును ఆయన స్టూడియో నుండి వచ్చినవే. ఆ విందుల పటములకన్న ఈ కూలీల పటములను నేను ఎక్కువసేపు చూచితిని.

పటము తీయుటలో ముఖ్యమైన కిటుకు ఒకటి కలదు. అది తెలియనిదే ముందు చెప్పబోవు కథ బోధపడదు. కుళాయి క్రింద కుండనుంచితిరనుకొనుడు. కుళాయిని బాగుగా త్రిప్పిన కుండ త్వరగా నిండును. సన్నగా త్రిప్పిన ఆలస్యముగా నిండును. కెమేరాలోనికి వెలుతురు వచ్చు రంధ్రము కుళాయి వంటిది. దానిని పెద్దదిగాను చిన్నదిగాను చేయవచ్చును. దాని తలుపు ఎంతసేపు తెరచి యుండవలెనో నిర్ణయించునది షట్టరు. కుండ పొంగిపొరలిన పటము తెల్లగా పాలిపోవును. కుండ వెలితిగా నున్న పటము నల్లబడును. చిక్కంతయు ఎచ్చటననగా, ఆకాశమునకు చాలిన వెలుతురు నేలకు చాలదు. ఉదయపు సూర్యుని ఎదురుగా పెట్టుకొని పటము తీసినచో, ఆకాశపు రంగులు నిలుపుటకు కుళాయిని సన్నము చేయవలెను. అప్పుడు నేల చీకటి యగును. రెంటిని ఒకేసారి నింపుట అన్నివేళల సాధ్యము కాదు. ఏది నిండవలెనో, ఏది వెలితిగా నుండవలెనో పటము తీయువాడే తేల్చుకొనవలెను.

సంఘమువారితో కలసి నేను మొదట పోయిన చోటు మా గుడుపల్లె మండలములోనిదే. గుడివంక దగ్గర 172 ఎకరములలో అగస్త్య ఫౌండేషను వారి విజ్ఞాన కేంద్రము కలదు. 1999లో మొదలైన ఆ సంస్థ పల్లెటూరి పిల్లలకు విజ్ఞానశాస్త్రమును చేతులతో చేయించి నేర్పును. ఒకప్పుడు రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప మరేమియు లేని ఆ గుట్టలపై ఇప్పుడు చెట్లు పెరిగినవి. సీతాకోకచిలుకలు, పక్షులు చేరినవి. అచ్చట బ్యాంకి గుమాస్తా నాకు ఒక పని చెప్పెను: ఒకే బండపై నిలిచి, ఒకే దిక్కునకు కెమేరా త్రిప్పి, నెలకొక పటము చొప్పున ఏడాది తీయవలెను. నాలుగు నెలలు నాకు విసుగు పుట్టెను. పండ్రెండు పటములను వరుసగా పేర్చి చూచినప్పుడు, ఎండుటయు చిగురించుటయు నా కన్నుల ముందే జరిగినట్లుండెను. మీకు కెమేరా లేకున్నను ఇటువంటి పని చేయవచ్చును. ఒక రేకుడబ్బా అడుగున సూదితో సన్నని బెజ్జము చేసి, మూతికి నూనె పూసిన పలుచని కాగితము కట్టి, తలపై దుప్పటి కప్పుకొని చూడుడు. ఎదుటి చెట్టు ఆ కాగితముపై తలక్రిందుగా నిలుచును. కెమేరాకు మూలపురుషుడు ఆ డబ్బాయే.

ఇక అసలు కథకు వచ్చెదను.

దాదాపు రెండు వందల ఏండ్లు మన అడవులలో అడవి ఏనుగు లేకుండెను. 1980ల దశకములో హోసూరు, ఆనేకల్లు ప్రాంతముల అడవుల నుండి ఏనుగుల గుంపులు ఇటు రాజొచ్చినవి. వాటి కొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. దాని విస్తీర్ణము సుమారు 357 చదరపు కిలోమీటర్లు. పెద్ద ఏనుగు దినమునకు 150 కిలోల వరకు మేత మేయును. అడవి అంచున పండిన రాగి, చెరకు, అరటి దానికి దారిలో వడ్డించిన విస్తరి వంటివి. ఏనుగుది తప్పనలేము. రైతునకు ఆ మాట చెప్పి ఓదార్చనును లేము.

ఒక కార్తీక మాసపు తెల్లవారుజామున నా పూర్వ విద్యార్థి యొకడు ఫోను చేసెను. అతడు అడవి అంచు గ్రామపు రైతు. రాత్రి ఏనుగులు చేనులో పడినవని, ఊరంతయు టపాకాయలు కాల్చి తరిమిరని చెప్పెను. నేను కెమేరా తీసికొని, ఒక పొరుగువాని మోటారు సైకిలుపై పోతిని. రాగి వెన్నులు మట్టిలో కలిసి యుండెను. నీటి పైపులు నలిగి చీలియుండెను. తడి మట్టిలో పాదముల గుర్తులు రోళ్ళవలె దిగి యుండెను. అప్పుడే కొండ వెనుక సూర్యుడు పొడుచుచుండెను. మంచు బంగారు పొగవలె లేచుచుండెను. గట్టుపై ఆ రైతు భుజమున తుండుగుడ్డతో కదలక నిలిచి యుండెను. ఎదుట నున్న అందమునకు నా చేతులు వణకెను. కుళాయిని సన్నము చేసితిని. ఆకాశము నిండెను. రైతు తోలుబొమ్మవలె నల్లని నీడగా తెరపై నిలిచెను.

సంఘములో ఆ పటము చూపినప్పుడు ఎవరును దోషమెన్నలేదు. స్టూడియో యజమాని లేచి నా చేయి పట్టుకొని ఊపెను. దానిని పెద్దదిగా అచ్చువేయించి గది గోడకు తగిలించిరి. ఆ వారమంతయు నా పాదములు నేలనంటలేదు.

పదిదినముల తరువాత రైతు మా ఇంటికి వచ్చెను. "అయ్యోరూ, ఆ పొద్దు మీరు ఫోటో తీసినారు గదా. పంటనష్టానికి అర్జీ పెడతా ఉండాను. ఒక కాపీ ఇస్తే దానికి జతచేస్తా" అనెను. నేను ఉత్సాహముతో పటమును తెచ్చి అతని చేతిలో నుంచితిని. అతడు దానిని దూరముగా పట్టి చూచెను, దగ్గరగా చూచెను, వెలుతురు వైపునకు త్రిప్పి చూచెను.

"బాగుండాది అయ్యోరూ," అనెను. కొంత సేపటికి, "దీంట్లో మా చేను యాడుంది?" అని అడిగెను.

చేను లేదు. తొక్కబడిన పైరు, పగిలిన పైపులు, పాదముల గుర్తులు, అతని ముఖము, అన్నియు నేను కోరి చేసిన చీకటిలో మునిగియుండెను. అతడు నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో నాకు కొంత ఊరటగా నుండెడిది.

ఆ రాత్రి నాకు హూపరు అను సైనికాధికారి జ్ఞప్తికి వచ్చెను. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామమును మన పెద్దలు ధాత కరువనిరి. ఆనాడు హూపరు ఎముకలగూళ్ళైన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి పటములు తీసెను. కరువు ఎట్టిదో దూరదేశపు జనులు ఆ పటములలో చూచిరి. అయితే, పటము తీసినంత శ్రద్ధగా వారి ఆకలి తీర్పలేదని అతనిపై ఆక్షేపణయు వచ్చెను. ఆ ఆక్షేపణ చదివినప్పుడెల్ల నేను తల యూపి, "నిజమే, ఎంత కఠినుడు" అనుకొనుచుండెడివాడను. హూపరు పటములలో కనీసము ఆ మనుష్యులు కనబడుదురు.

మరునాడు ఉదయము పది గంటలకు తిరిగి ఆ చేనికి పోతిని. విశ్వవిద్యాలయపు అమ్మాయియు తోడు వచ్చెను. అప్పటికి రైతు మిగిలిన గడ్డిని కోసి పశువులకు వేసియుండెను. నలిగిన పైపులను ఒక మూల కుప్పగా పోసియుండెను. తొలినాడు కన్నులకు కట్టినట్లున్న సాక్ష్యములో సగము పోయినది. ఉత్తరపు గట్టున మాత్రము పాదముల గుర్తులు మట్టి ఎండి గట్టిపడి మిగిలియుండెను. "సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకోండి సార్" అని ఆ అమ్మాయి చెప్పెను. గట్టురాయి కనబడునట్లు చేను మొత్తము ఒక పటము. పాదపు గుర్తు ప్రక్కన అడుగు కొలబద్ద నుంచి ఒకటి. పైపుల కుప్పది ఒకటి. చేనిలో నిలిచి మావైపు చూచుచున్న రైతుది ఒకటి తీసితిమి. ఎండ చప్పగా నుండెను. నీడలు లేవు. అన్నియు స్పష్టముగా వచ్చెను.

తరువాతి సమావేశములో ఆ గట్టురాయి పటమును గోడపై చూపితిని. గది నిశ్శబ్దమయ్యెను. "సార్, దీంట్లో చూడడానికి ఏముంది?" అని స్టూడియో యజమాని మర్యాదగనే అడిగెను. నియమము ప్రకారము నేను మాటలాడరాదు; పెదవులు బిగించుకొని కూర్చుంటిని. వెనుక వరుస నుండి పట్టుపురుగుల రైతు, "గట్టురాయి ఉంది" అనెను.

అటుపైన చర్చ చాలసేపు సాగెను. ఇటువంటి పటములకు సంఘములో చోటెందుకని ఒకరు, ఎందుకు లేదని ఒకరు. గొంతులు హెచ్చెను. రాజేంద్రలాల్ మిత్ర కథ నాకు అప్పుడు గుర్తు వచ్చినది గాని, నోరు విప్పు వంతు ఇంకను రాలేదు. చివరకు అందరును ఒక ఏర్పాటునకు ఒప్పుకొనిరి. పంట నష్టమైన చేనికి మాలో ఎవరు పోయినను, ముందు ఆ రైతునకు పనికివచ్చు నాలుగు పటములు తీసి అదే దినమున ఇచ్చివేయవలెను; తనకు కావలసినవి ఆ తరువాత తీసికొనవచ్చును. మనిషి ముఖము కనబడు పటము ఆ మనిషిని అడిగియే తీయవలెను. నా పాత పటమును గోడ నుండి తీసివేయుడని కోరితిని. వారు వినలేదు. దాని ప్రక్కనే మరియొక మేకు కొట్టి గట్టురాయి పటమును తగిలించిరి.

అర్జీ ఇచ్చివచ్చిన దినమున రైతు మా గదికి వచ్చెను. రెండు పటములను చూచెను. రెండవదానిని చూచి, "ఇదిగో, ఇది మా చేను" అని వ్రేలితో గట్టు పొడవునా చూపెను. తరువాత మొదటిదాని ఎదుట కొంత సేపు నిలిచి, తుండుగుడ్డ భుజముపై సవరించుకొని, "ఆ పొద్దు చలి బలే ఉండె, అయ్యోరూ" అనెను.